ఊడదీయడానికే వేసే కుట్టు

(కుట్టుపని నేర్చుకుంటున్నవారి కోసం మిషను మీద వేసే కచ్చా కుట్టు గురించి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఆ, మంచిది. నేను మాట్లాడుతూ ఉంటాను, ఈలోపు ఈ గుడ్డముక్కలు మూడూ మీ మధ్య తిరుగుతూ ఉంటాయి. చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. తిరగేసి చూడండి, అడుగువైపు దారాన్ని వేలితో తడిమి చూడండి. లాగకండి మాత్రం. లాగే పని చివర్లో ఉంది. ముందే ఎవరైనా లాగేశారంటే నా ప్రసంగం అక్కడితో సరి.

కుట్టు బాగుంది అని ఎప్పుడంటాం? సన్నగా, బిగువుగా ఉండాలి, ఎంత లాగినా ఊడకూడదు. మిషను ముందు కూర్చున్న మొదటి రోజు నుంచీ మనకి చెప్పేది అదే. మొదట్లో నాలుగు కుట్లు వెనక్కి, చివర్లో నాలుగు కుట్లు వెనక్కి, ఊడకుండా. ఇవాళ నేను చెప్పబోయే కుట్టు ఊడాలి. మనం ఊడదీసినప్పుడు సుఖంగా ఊడాలి, గుడ్డ నలగకుండా ఊడాలి, అక్కడొక కుట్టు ఉండేదన్న ఆనవాలు కూడా మిగలకూడదు. కాబట్టి ఇన్నాళ్ళూ నేర్చుకున్నదాంట్లో సగం ఇవాళ తిరగేసుకోవాలి.

అసలు కుట్టు వేసేలోపు ముక్కలు కదలకుండా పట్టి ఉంచే ఈ కుట్టుని కొందరు కచ్చా కుట్టు అంటారు, కొందరు టాకాలు అంటారు. చేత్తో వేసినదాన్ని టాకాలనీ, మిషను మీద వేసినదాన్ని కచ్చా కుట్టనీ నేను అంటూ ఉంటాను. ఇవాళ్టికి అలాగే అనుకుందాం, లేకపోతే మధ్యలో గందరగోళం అవుతుంది.

అసలు ఎందుకు ఈ కుట్టు? గుండుసూదులు ఉన్నాయి కదా, క్లిప్పులు ఉన్నాయి కదా? ఉన్నాయి. తిన్నగా ఉండే పక్క కుట్టుకి, నూలుగుడ్డకి, అవి చాలు. నేనూ ప్రతిదానికీ కచ్చా వేయను, అంత తీరిక ఎవరికుంది? కానీ గుండుసూది ఒక చోట పట్టుకుంటుంది, దానికీ పక్క సూదికీ మధ్య గుడ్డ తనిష్టం. ఒంటి మీద వేసి చూసుకోవాలంటే సూదులతో కుదరదు, గుచ్చుకుంటాయి. లైనింగూ పైగుడ్డా రెండూ ఒకే గుడ్డలా నడవాలంటే సూదులతో కుదరదు. గళ్ళ గుడ్డలో గడికి గడి కలవాలంటే అసలే కుదరదు.

ఎందుకు కుదరదో ఒక్క నిమిషం చెప్తాను, ఇది అర్థమైతే మిగతాది సులువు. గుడ్డని పైనుంచి అదిమి పట్టే ఫుట్ కింద పళ్ళున్నాయి కదా, అవి ఎలా కదులుతాయో ఎప్పుడైనా వంగి చూశారా? గుడ్డ లేకుండా చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి చూడండి. పైకి లేస్తాయి, వెనక్కి వెళ్తాయి, కిందికి దిగుతాయి, మళ్ళీ ముందుకి వస్తాయి. నాలుగు కదలికలు. ఆలెన్ విల్సన్ అనే ఆయన 1854లో దీనికి పేటెంటు తీసుకున్నాడు, ఇప్పటికీ మన ఇళ్ళలో మిషన్లు అలాగే నడుస్తున్నాయి. బానే ఉంది. కానీ ఆ పళ్ళు పట్టుకునేది దేన్ని? అడుగు పొరని. పై పొరని ఎవరు నడిపిస్తున్నారు? ఎవరూ లేరు. అడుగు పొరని అంటుకుని అదీ వెళ్తుంది, పైనుంచి ఫుట్ దాన్ని అదిమి ఆపుతూ ఉంటుంది. అందుకే రెండు ముక్కలూ సమానంగా కత్తిరించుకుని సమానంగా మొదలుపెట్టినా, చివరికొచ్చేసరికి పై ముక్క గోరంత మిగిలిపోతుంది. అప్పుడు మనమేం చేస్తాం? కత్తెర తీసుకుని సమానం చేసేస్తాం! నవ్వుతున్నారంటే మీరూ చేశారన్నమాట. నేనూ చేశాను చాలాకాలం. గోరంతే కదా అని కత్తిరిస్తే, గౌను ఒక పక్కకి మెలి తిరుగుతుంది. ఎందుకు తిరిగిందో నాకు రెండేళ్ళ దాకా తెలియలేదు.

కచ్చా కుట్టు కూడా అదే మిషను మీద, అవే పళ్ళ మీద వేస్తున్నాం కదా, మరి అప్పుడు జరగదా? జరుగుతుంది. ఈ మాట దాచను. కాకపోతే కచ్చాలో జరిగితే అర నిమిషంలో లాగేసి మళ్ళీ వేసుకోవచ్చు. అసలు కుట్టులో జరిగితే విప్పుకుంటూ సాయంత్రం దాకా కూర్చోవాలి. కచ్చా ఒకసారి సరిగ్గా పడిందంటే, దాని పక్కనే వేసే అసలు కుట్టులో పొరలు జరగడానికి చోటుండదు. ఫుట్ ఒత్తిడి తగ్గించుకునే మర ఉంటే కాస్త వదులు చేయండి. గుడ్డని ముందూ వెనకా రెండు చేతులతో తిన్నగా పట్టుకోండి. లాగొద్దు, పట్టుకోండి చాలు. లాగితే సూది వంగి కింద రేకుకి తగులుతుంది, టప్పున విరుగుతుంది.

మిషను సర్దుకోవడం

ఇప్పుడు సర్దుబాట్లు. నేను ఎవరికి నేర్పినా ఒకటే చెప్తాను. ఏం పెట్టాలో గుర్తు రాకపోతే, "దీన్ని తర్వాత ఎలా విప్పుతాను?" అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు అదే వస్తుంది.

మొదటిది కుట్టు పొడవు. మామూలు కుట్టు 2.5 మి.మీ. దగ్గర ఉంటుంది, అంగుళానికి పది కుట్లు. కచ్చాకి 4 నుంచి 6 మి.మీ. దాకా, మీ మిషను ఎంత ఇస్తే అంత. పాత మిషన్లు 4 దగ్గర ఆగిపోతాయి, ఫరవాలేదు, అంగుళానికి ఆరు కుట్లు పడతాయి, చాలు. ఇక్కడ ఒక చిక్కుంది, చూసుకోండి. కొన్ని మిషన్లలో అంకె పెంచితే కుట్టు పొడుగవుతుంది, అవి మిల్లీమీటర్లు. కొన్నింటిలో అంకె తగ్గిస్తే పొడుగవుతుంది, అవి అంగుళానికి ఎన్ని కుట్లో చెప్పే అంకెలు. ఎవరి మిషనో మీద కూర్చున్నప్పుడు ముందు పనికిరాని ముక్క మీద వేసి చూసుకోండి.

రెండోది టెన్షన్, అంటే దారం బిగువు. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే చాలామంది పొడవు పెంచి ఊరుకుంటారు. టెన్షన్ ముట్టుకోరు, భయం. ఒకసారి తిప్పితే మళ్ళీ సరిగా రాదేమో అని. అవునా కాదా?

మన మిషను కుట్టు రెండు దారాల కుట్టు. పైదారం సూదిలోంచి వస్తుంది, కిందదారం బాబిన్‌లోంచి, అంటే మిషను అడుగున ఉండే చిన్న దారపు చుట్టలోంచి వస్తుంది, రెండూ గుడ్డ మందం మధ్యలో మెలేసుకుంటాయి. రెండూ సమానంగా లాగుతుంటే ఆ మెలిక గుడ్డ లోపల దాక్కుంటుంది. ఇప్పుడు పైదారాన్ని వదులు చేశారనుకోండి. బలం ఎవరిది? కిందదారానిది. అది పైదారాన్ని కిందికి లాగేసుకుంటుంది. మెలికలన్నీ అడుగుకి దిగిపోతాయి. కిందదారం ఏమవుతుంది? గుడ్డ మీద తిన్నగా, గీత గీసినట్టు పడుకుంటుంది, దాని మీదుగా పైదారం చిన్న చిన్న ఉచ్చులు వేసి ఉంటుంది. కాలవ గట్టు మీద తాడు పరిచి, అక్కడక్కడా కొక్కేలు తగిలించినట్టు. ఆ తాడు కొస పట్టుకుని లాగితే? వచ్చేస్తుంది. తాడు పోయాక కొక్కేలు దేన్ని పట్టుకుంటాయి? అవీ లేచొస్తాయి.

మీ చేతుల్లో తిరుగుతున్న నీలం దారం ముక్క అదే. అడుగువైపు నీలం తిన్నగా ఉందా? పైదారం తెల్లగా చుక్కలు చుక్కలుగా దాని మీదికి వచ్చిందా? ఎవరి దగ్గరుంది? ఆ, పక్కావిడకి కూడా చూపించండమ్మా.

అంకెలున్న మిషనైతే టెన్షన్ మామూలుగా 4 దగ్గర ఉంటుంది, 2కి దించండి. చాలకపోతే 1. మరీ సున్నా చేస్తే అడుగున దారం ఉండలు కట్టి ఇరుక్కుంటుంది, పళ్ళలోకి పోతుంది. అంకెల్లేని పాత మిషనైతే ముందు నట్టు మీద పెన్నుతో ఒక గీత పెట్టుకోండి, తర్వాత ఎడమకి అర చుట్టో ముప్పావు చుట్టో తిప్పండి. పని అయ్యాక గీతకి గీత కలిపేయండి. అంతే, ఇంక భయమేముంది? బాబిన్ కేసు మీద ఉండే చిన్న మరని మాత్రం దీనికోసం కదపకండి. దాంతో పని లేదు.

మూడోది, వెనక్కి కుట్టొద్దు. మొదట్లో వద్దు, చివర్లో వద్దు. చేతికి అలవాటైపోయి వేలు దానంతటదే రివర్స్ మీదికి పోతుంది, నాకు ఇప్పటికీ పోతుంది. దారాలు రెండు వైపులా నాలుగు వేళ్ళ వెడల్పు వదిలి కత్తిరించండి. చిన్న కొస వదిలితే లాగడానికి పట్టు దొరకదు.

నాలుగోది సూది. గుడ్డ ఎంత పలచనిదైతే సూది అంత సన్నం. నూలుకి 14 నంబరు వేసే చోట 11 వేసుకోండి, కచ్చా బరువు మోయదు కదా. కొత్త సూది వేయండి. మొన వంగిన సూది పోగుల మధ్యకి దూరకుండా పోగుని చీలుస్తుంది, ఆ చీలిక దారం తీసేసినా పోదు.

ఇంకొకటి. పని అయ్యాక మిషను మళ్ళీ మామూలుకి తెచ్చేసుకోవాలి. ఇది మర్చిపోయి 5 మి.మీ. కుట్టుతో ప్యాంటు మొత్తం కుట్టేసి, కూర్చోగానే వెనక కుట్టు విడిపోయిన కథలు ఉన్నాయి. ఎవరివో చెప్పను. నేను ఒక ఎర్ర కాగితం టేపు ముక్కని సూది పైన మిషను ముఖానికి అంటిస్తాను. టేపు ఉందంటే కచ్చాలో ఉన్నాను. అసలు కుట్టు మొదలుపెట్టబోతూ ముందు టేపు పీకుతాను.

ఎక్కడ వేయాలి అన్నది చాలామంది అడగరు, కానీ అసలు అడగాల్సింది అదే. అసలు కుట్టు పడే గీత మీదే కచ్చా వేస్తే ఏమవుతుంది? అసలు కుట్టు దాని మీద ఎక్కి, కచ్చా దారాన్ని సూది గుచ్చి, రెండూ కలిసిపోతాయి. తర్వాత లాగితే తెగి తెగి వస్తుంది, ఒక్కో ముక్కనీ పట్టకారుతో పీకాలి. అందుకని గీతకి కొంచెం బయటగా, మార్జిన్ వైపు, అంటే కుట్టు బయట వదిలే అంచు వైపు వేయాలి. మార్జిన్ 1.5 సెం.మీ. వదిలారనుకోండి, కచ్చా అంచు నుంచి 1.3 దగ్గర వేయండి. అంటే అసలు గీతకి 2 మి.మీ. ఎడం. చిల్లులు పడినా మార్జిన్లోనే ఉంటాయి, బయటికి కనపడవు. ఇంకో లాభం, అవసరం లేకపోతే విప్పకుండా లోపలే వదిలేయొచ్చు. లైనింగూ పైగుడ్డా అంచుల్లో కలిపిన కచ్చాని నేను చాలాసార్లు విప్పను. బయటికి రాదు, ఎవరికీ అడ్డం కాదు. ఎందుకు విప్పాలి?

ఇప్పుడు నేను ఇందాక చెప్పినదానికి నేనే అడ్డం చెప్తాను, వినండి. టెన్షన్ తగ్గించండి అన్నాను కదా. ఒంటి మీద వేసుకుని చూసుకోవడానికి వేసే కచ్చాకి మాత్రం అంతగా తగ్గించకండి. ఎందుకు? దారం వదులుగా ఉంటే, ఒంటి మీద గుడ్డ బిగిసినప్పుడు రెండు ముక్కల మధ్య సందు నోరు తెరుస్తుంది. ఒక్కో కుట్టు దగ్గర 1 మి.మీ. తెరిచినా, రెండు పక్కలూ, వెనక కుట్టూ, ఒంటి ఒంపుకి గుడ్డ మడిచి కుట్టే డాట్లూ కలిపి చూస్తే నాలుగైదు మిల్లీమీటర్లు. మనకి ఏమనిపిస్తుంది? చక్కగా సరిపోయింది అనిపిస్తుంది. అసలు కుట్టు బిగువుగా వేశాక అదే గౌను బిగుతైపోతుంది. "నిన్న సరిపోయింది కదా, ఇవాళ ఏమైంది?" అంటారు. ఏమీ కాలేదు, నిన్నటి కుట్టు అబద్ధం చెప్పింది. అందుకే ఒంటి మీద చూసే కచ్చాకి 4 మి.మీ. పొడవు, టెన్షన్ మామూలుకన్నా ఒక్క అంకె మాత్రమే తక్కువ. విప్పడం కొంచెం కష్టమవుతుంది, అవనివ్వండి. సాగే గుడ్డకైతే తిన్నటి కుట్టు వేసుకుని తల దూర్చగానే పటపటా తెగుతుంది, సన్నటి జిగ్‌జాగ్ పెట్టుకోండి.

దారాల సంగతి

దారం గురించి రెండు మాటలు. రెండూ పడి నేర్చుకున్నవే.

బాబిన్లో గుడ్డ రంగుకి తేడాగా కనపడే దారం వేయండి, విప్పేటప్పుడు కళ్ళు పోవు. తేడా అన్నాను కదా అని తెల్లగుడ్డకి ఎర్రదారం, నల్లదారం వేయకండి. ముదురు దారం రాపిడికి నూగు వదులుతుంది, ఆ నూగు చిల్లుల్లో చిక్కుకుని చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. రంగు పోయే దారమైతే, ఆవిరి ఇస్త్రీ తగిలిందంటే ఇంక చెప్పక్కర్లేదు. తెల్లదానికి లేత పసుపు, లేత నీలం చాలు. కొత్త మంచి పాలియెస్టర్ దారం దీనికి దండగ, పైగా అది తెగదు. ఇరుక్కున్నప్పుడు దారం తెగాలి కానీ గుడ్డ తెగకూడదు కదా? బలహీనమైన నూలుదారం, పాత రీలు, అలాంటివి దీనికి పెట్టుకోండి. అసలు కుట్టులో తెగిపోతోందని పక్కన పడేసిన రీలు ఉంటుంది చూడండి ప్రతి ఇంట్లో, అది.

నీళ్ళలో కరిగే దారం అని ఒకటి దొరుకుతుంది. చూడడానికి మామూలు దారంలాగే ఉంటుంది. కచ్చా వేయడం, పని అయ్యాక తడపడం, కరిగిపోతుంది. విప్పే పనే లేదు. వినడానికి ఎంత బాగుంది! సూదిలోకి ఎక్కించేటప్పుడు కొస నోట్లో పెట్టి తడపడం మనకి అలవాటు కదా, ఆ దారంతో ఆ పని చేశారంటే కొస జిగురైపోతుంది. గాలిలో తేమ తగలకుండా మూత బిగించి పెట్టాలి. ఆవిరి పెట్టి ఇస్త్రీ చేస్తే అక్కడికక్కడే పోతుంది. ఇవన్నీ డబ్బా మీద రాసే ఉంటాయి. రాయనిది నేను చేశాను. కచ్చా అయిపోయాక బాబిన్ మార్చడం మర్చిపోయి, అదే బాబిన్‌తో ఒక చిన్నపిల్ల గౌను మొత్తం కుట్టేశాను. కుచ్చులు, చేతులు, మెడ, అన్నీ. ముచ్చటగా వచ్చింది. ఇస్త్రీ పొడిగా చేశాను, ఏమీ కాలేదు. వాళ్ళు వేసుకున్నారు, మెచ్చుకున్నారు, ఇంటికెళ్ళి ఉతికారు. మర్నాడు సంచీలో ఏడు ముక్కలు తెచ్చి నా ముందు పెట్టారు. ఏడు ముక్కలూ శుభ్రంగా, ఎక్కడా చిరగకుండా. ఆమె ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. ఆ రోజు నుంచి ఆ దారం చుట్టిన బాబిన్ మీద మార్కరు పెన్నుతో నీటిచుక్క బొమ్మ వేసుకుంటున్నాను.

జిప్పు గురించి అడిగారు ఇందాక ఎవరో, మొదలుపెట్టకముందే. మధ్యలో జిప్పు వచ్చే కుట్టుకి కచ్చాని మించినది లేదు. జిప్పు కింద వరకూ మామూలు కుట్టు వేసి, అక్కడ వెనక్కి కుట్టి గట్టి చేయండి. అక్కడి నుంచి పైదాకా పొడుగు కుట్టు. ఇప్పుడు ఆ కుట్టుని విప్పకుండా, దాని పొడవునా మార్జిన్ రెండు పక్కలకీ పరిచి ఇస్త్రీ చేయండి. జిప్పుని బోర్లా పెట్టి, పళ్ళ వరస సరిగ్గా కచ్చా గీత మీద కూర్చునేలా చూసి, రెండు పక్కలా కుట్టేయండి. తర్వాత బయటి నుంచి కచ్చా విప్పితే, తలుపు రెక్కల్లా రెండంచులూ సరిగ్గా కలిసి, వెనక జిప్పు. అంచుకి అంచు కలపడం మీరు చేయలేదు, కచ్చా చేసి పెట్టింది.

కుచ్చులు కూడా ఈ కుట్టుకి తోబుట్టువే. అడుగుదారం తిన్నగా పడుకుని ఉందన్నాం కదా. ఒక కొస ముడేసి రెండో కొస లాగితే గుడ్డ ఎక్కడికి పోతుంది? దారం మీద కుచ్చుకుంటుంది. రెండు కొసలూ వదిలి లాగితే దారమే బయటికి వస్తుంది. లాగడం అదే, ముడి ఒక్కటే తేడా. కుచ్చులకి ఒక్క వరస వేయకండి, 6 మి.మీ. ఎడంతో రెండు వరసలు వేసి రెండు అడుగుదారాలూ కలిపి లాగండి. ఒక్క వరసైతే కుచ్చులు ఇటూ అటూ పడుకుంటాయి. రెండు వరసలైతే నిలబడతాయి. పైగా ఒకటి తెగినా రెండోది ఉంటుంది.

వద్దన్న చోట వద్దు

అన్నిటికీ ఇదే అనుకోకండి. తోలు, రెగ్జిన్, ప్లాస్టిక్ పూత ఉన్న గుడ్డ, వీటికి వద్దు. నేసిన గుడ్డలో సూది పోగుల మధ్య నుంచి దూరుతుంది, పోగులు పక్కకి జరుగుతాయి, తర్వాత మళ్ళీ దగ్గరకొస్తాయి. తోలుకి పోగులెక్కడివి? చిల్లు పడితే పడ్డట్టే. వాన కోటు గుడ్డకైతే ఆ చిల్లుల్లోంచి నీళ్ళు కారతాయి. క్లిప్పులు పెట్టుకోండి. శాటిన్, బిగువుగా నేసిన పట్టు, ఇవి అనుమానం కేసులు. చిన్న ముక్క మీద వేసి, విప్పి, గోటితో అడ్డంగా గీకి చూడండి, తర్వాత ఆవిరి చూపించండి. చిల్లు మూసుకుందా, సరే. మూసుకోలేదా, చేత్తో టాకాలు వేయండి, సన్నసూదితో.

వెల్వెట్‌కి మిషను కచ్చా వేసి నేను రెండుసార్లు ఓడిపోయాను. రెండు పొరల నూగు ఎదురెదురుగా పడి, ఒకదాని మీద ఒకటి పాకిపోతుంది. సూదులు పెట్టినా, ఫుట్ వదులు చేసినా పాకుతుంది. దానికి చేత్తో ఏటవాలుగా టాకాలు వేస్తేనే మాట వింటుంది. చేతికి పని ఉన్నచోట చేయే మేలు, అందులో మొహమాటం లేదు.

కచ్చా మీద గట్టిగా ఇస్త్రీ చేయొద్దు, దారం గుడ్డలో అచ్చు పడుతుంది. ముదురు రంగుల మీద మెరిసే గీతలా కనపడుతుంది. జిప్పుకి చేయక తప్పదు కాబట్టి అక్కడ తేలిగ్గా అద్ది వదలండి, కచ్చా తీశాక మళ్ళీ ఇస్త్రీ చేసుకోవచ్చు.

విప్పేటప్పుడు తొందర వద్దు. కుట్టిన వరస పొట్టిదైతే అడుగుదారం కొస పట్టుకుని ఒక్క లాగుతో వస్తుంది. పొడుగాటి వరసని మాత్రం ఒక్క లాగులో తీద్దామనుకోకండి, సగం దూరం వచ్చాక గుడ్డ ముడుచుకుంటుంది. జానెడుకొకచోట అడుగుదారాన్ని కత్తిరించి, ఏ ముక్కకి ఆ ముక్క లాగండి. గుడ్డకి సమాంతరంగా లాగండి, పైకి ఎత్తి లాగితే చిల్లు పెద్దదవుతుంది. ఎక్కడైనా పట్టేసిందంటే అక్కడ అసలు కుట్టు దానిమీద ఎక్కిందన్నమాట, బలం పెట్టకుండా అక్కడ కత్తిరించండి.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. బస్తా మూతికి వేసే కుట్టు చూశారు కదా? కొస దొరికితే సర్రున ఊడిపోతుంది, దొరక్కపోతే కత్తి తేవాల్సిందే. ఒకే దారంతో వేసిన గొలుసుకుట్టు ఊడే తీరు అది. ఒక్కో ఉచ్చు ముందు ఉచ్చులోంచి బయటికి వస్తుంది, అంతే, బాబిన్ ఉండదు. ఫ్రాన్స్‌లో థిమోనియే అనే దర్జీ 1830లో పేటెంటు తీసుకున్న మిషను వేసింది గొలుసుకుట్టే. అమెరికాలో గిబ్స్ 1857లో పేటెంటు తీసుకున్నదీ ఒంటిదారం గొలుసుకుట్టే. మధ్యలో 1846లో ఎలియాస్ హోవె రెండు దారాల కుట్టుకి పేటెంటు తీసుకున్నాడు, మన ఇళ్ళలోకి వచ్చింది ఆ దారి. బట్టకి గొలుసుకుట్టు ఊడిపోవడం లోపం. కచ్చాకి అదే కావాలి! అందుకే బట్టల ఫ్యాక్టరీల్లో కచ్చాకి ఇప్పటికీ ఒంటిదారం గొలుసుకుట్టు మిషన్లు వాడతారు. కుట్లకి అంతర్జాతీయంగా నంబర్లు ఉన్నాయి, మన మామూలు కుట్టు 301, ఈ గొలుసుకుట్టు 101. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే నంబరు చెప్పగానే గుర్తుపడతారు. ఆ, అక్కడ ఇద్దరు తలూపుతున్నారు.

గొలుసుకుట్టుకి ఒక పెంకితనం ఉంది. కుట్టడం ఎక్కడ ముగిసిందో ఆ కొస నుంచే ఊడుతుంది. మొదలుపెట్టిన కొస పట్టుకుని ఎంత లాగినా ఇంకా బిగుసుకుంటుంది.

ప్రశ్నలా? అడగండమ్మా... చేతులకి కచ్చా వేయాలా, చంక దగ్గర? వేయాలి. చెయ్యి పై గుండ్రం చంక చుట్టుకొలతకన్నా కొంచెం ఎక్కువుంటుంది, ఆ ఎక్కువని ముడత లేకుండా సర్దాలి. ఎక్కువ ఉన్న ముక్క, అంటే చెయ్యి, అడుగున పెట్టండి. ఇందాక పళ్ళు అడుగు పొరని తొందరగా లాగుతాయని తిట్టుకున్నాం కదా, ఇక్కడ అదే మనకి సాయం. మధ్యలో బిగుసుకుంటే ఆపి, సూది గుడ్డలోనే దించి ఉంచి, ఫుట్ ఎత్తి సర్దుకోండి.

ఇంకా? దారం మళ్ళీ వాడుకోవచ్చా? వాడొచ్చు కానీ మిషన్లో కాదు. దిండులో కూరండి.

సరే, ఇప్పుడు ఆ మూడు ముక్కలూ ఎవరెవరి దగ్గరున్నాయో బల్ల దగ్గరికి తీసుకురండి. నీలం దారం ముక్క మీరు లాగండి. అడుగుదారం, అడుగుదారం... ఆ, వచ్చింది చూశారా, ఒక్క ముడత లేదు. రెండోది టెన్షన్ తగ్గించకుండా వేసింది, లాగి చూడండి. రావట్లేదు కదా? గుడ్డ ముడుచుకుంటోంది. వదిలేయండి, దాన్ని ముక్కలు చేసే తీయాలి. మూడోది గొలుసుకుట్టు. మీరు రండి బాబూ, లాగండి. గట్టిగా కాదు... ఊడట్లేదా? ఆ కొస కాదు నాయనా, రెండో కొస.